ఉరఫ్‌ను మింగిన మిషన్

నేను రిటైరైన రోజు సభలో ఒక పెద్దమనిషి నన్ను "మన ప్రాంతంలో కంప్యూటర్ విప్లవానికి తల్లి" అని పొగిడాడు. ఆ తల్లి తొలి రోజుల్లో చేసిన విప్లవమల్లా సాయంత్రం కాగానే కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఇంటికి పోవడమని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా వినే స్థితిలో లేడు. వెనకాల బగారన్నం గిన్నెల మూతలు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. శాలువా కప్పారు. చేతిలో ఒక నిర్మల్ బొమ్మ పెట్టారు. రంగులు బాగున్నాయి, మాట్లాడదు. నేను కూడా అట్లాగే ఉండి ఉంటే ఎంత బాగుండేదో బొమ్మతో చెప్పించారనుకున్నాను.

ఈమధ్య మా చర్చిలో కంప్యూటర్ చదువులు చదివే పిల్లలు కొందరు చుట్టూ చేరి, "ఆంటీ, మీ కాలంల గీ పని ఎట్లుండె?" అని అడిగారు. నోటితో చెబితే ఫోన్లు చూసుకుంటూ వింటారు. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు రావలసినవి వేరేవాళ్లకు వచ్చాయి కాబట్టి వాటి గురించి వాళ్లే రాసుకోవాలి. ఆఫీసు పేరు కూడా చెప్పను. చెప్పకపోయినా ఇది తమ ఆఫీసే అని ఓ నలుగురైనా భుజాలు తడుముకుంటారు, అది చాలు.

ఒకటి లేని మిషన్లు

అరవై తొమ్మిదిలో కాలేజీలు మూతబడ్డాయి. ఎందుకో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మాది కరీంనగర్. నాన్నను బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ. బాపు మిషన్ దవాఖానాలో కాంపౌండర్. నేను ఇంట్లో కూర్చుని అవ్వతో రోజూ పోట్లాడుతుంటే చూడలేక, "గిట్ల కూసుంటే తుప్పు వడతవు బిడ్డా, పోయి టైపు నేర్చుకో" అని ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు.

అక్కడి టైపు మిషన్లకు ఒకటి అంకె ఉండేది కాదు. నిజంగానే. రెండు నుంచి మొదలయ్యేవి. ఒకటి కావాలంటే ఇంగ్లిష్ చిన్న 'ఎల్' కొట్టేవాళ్లం. కాగితం మీద రెండూ ఒకేలా కనిపించేవి. కరీంనగర్‌లో, చుట్టుపక్కల టైపు నేర్చుకున్న మా తరమంతా 'ఎల్'నే ఒకటి అనుకుని పెరిగింది.

తరువాత నాకు కరీంనగర్‌లోనే ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఎనభైలు సగం గడిచాక ఆ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. దాన్ని నేర్చుకోవడానికి హైదరాబాద్‌కు ఒకరిని పంపాలన్నారు. మగవాళ్లెవరూ పోనన్నారు. ఆ పెట్టె వస్తే ఉద్యోగాలు పోతాయని అందరికీ భయం. పోయేదేదో ఆడమనిషి ఉద్యోగమే పోనీ అని పెద్ద మనసుతో నన్ను పంపారు. తిరిగి వచ్చాక నేను ప్రోగ్రాములు రాసేదాన్ని, అంటే మనుషులకు చెప్పి చెప్పి విసిగిపోయిన మాటలను మిషన్‌కు చెప్పేదాన్ని. అదైనా వినేది.

మా అవ్వకు మాత్రం నేను ఏం చేస్తానో చివరిదాకా అర్థం కాలేదు. మా ఇంట్లో మిషన్ అంటే మిషన్ బడి, మిషన్ దవాఖాన, మిషన్ బంగళా. నేను "మిషన్ పని" చేస్తున్నానంటే చర్చి ఉద్యోగమే వచ్చిందనుకుని దేవునికి స్తోత్రం చెప్పింది. నేను సరిదిద్దలేదు. ఆ సంతోషం చెడగొట్టడానికి నాకు మనసు రాలేదు.

టైపిస్టులందరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టగానే మొదటి గొడవ వచ్చింది. అందరూ అలవాటుగా ఒకటికి బదులు 'ఎల్' కొట్టారు. కాగితం మీద మనిషి కన్ను మోసపోయింది కానీ మిషన్ మోసపోలేదు. ఇది అంకె కాదు, అక్షరం, నేను కూడను అని మొరాయించింది. మా పెద్దసారు వచ్చి తెర మీద వేలు పెట్టి, "గిది ఒకటే గద? నాకు కనవడుతుంది, దీనికి ఎందుకు కనవడదు?" అని మిషన్‌ను అడిగాడు. మిషన్ జవాబు చెప్పలేదు. జవాబు చెప్పని కిందివాళ్లను ఆయన అప్పటిదాకా చూడలేదు.

పిల్లలూ, ఆ రోజు నాకు అర్థమైంది ఇదే. మనిషి తన అలవాటును తప్పు అనుకోడు. అలవాటుగానే చేస్తాడు. మీ దగ్గరికి వచ్చే తప్పులన్నీ ఎవరికో ఒకరికి మంచి అలవాట్లే.

చల్లగది

పెద్దసారు పేరు నరహరి. సుల్తానాబాద్ దగ్గర భూములున్న ఇంటివాడు. చెడ్డవాడని చెప్పను. ఇంటికి పోతే కడుపునిండా అన్నం పెట్టేవాడు, జ్వరమొస్తే సెలవిచ్చేవాడు. పని ఒక్కటే ఆయనకు సరిపడేది కాదు.

ఆఫీసు మొత్తానికీ ఏసీ ఉన్నది కంప్యూటర్ గదికే. అందుకని నరహరి సారు ఆ గదిని చాలా జాగ్రత్తగా చూసుకునేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు మిషన్‌ను పర్యవేక్షించడానికి వచ్చి కుర్చీలో కళ్లు మూసుకుని పర్యవేక్షించేవాడు. తలుపు దగ్గర "చెప్పులు బయట విడువవలెను" అని బోర్డు పెట్టించాడు. ఆయన వేసుకునేవి బూట్లు కాబట్టి ఆ బోర్డు ఆయనకు వర్తించదు. దసరాకు టెర్మినల్‌కు బొట్టుపెట్టి, మీటల మధ్య అక్షతలు చల్లి, కొబ్బరికాయ కొట్టించేవాడు. పండుగ వెళ్లాక మీటల సందుల్లోంచి బియ్యం గింజలు ఏరడం నా వంతు. నా మతం ఏదని ఆ గింజలు ఎప్పుడూ అడగలేదు.

మిషన్‌తో పాటు వచ్చిన లావుపాటి మాన్యువల్ ఒకటి ఉండేది. అది ఆయన కుర్చీ కుంటి కాలు కింద ఉండేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

యాది తప్పింది

ఎనభైల చివర్లో ఆదిలాబాద్ వైపు ఒక వాగు మీద ఆనకట్ట కట్టారు. కొన్ని ఊళ్లు మునుగుతాయన్నారు. మునిగే ఊళ్ల వాళ్లకు ఎత్తు మీద కొత్త కాలనీ, ఇంటికొక జాగ. జాబితాలో పేరు ఉంటే జాగ ఉంటుంది. పేరు లేకపోతే వానలు మొదలై నీళ్లు వచ్చేలోగా ఏ చుట్టం గడపో చూసుకోవాలి. అంతే, వేరే దారి లేదు. ఊరి లెక్కలు రాసే పట్వారీల కాలం నాటి కాగితాలను ఎవరో ఇంగ్లిష్‌లో దించి మా ఆఫీసుకు పంపారు. మేం వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి, ఊరి వారీగా, అక్షరాల వరుసలో అచ్చు తీసి ఇవ్వాలి. చిట్టీలు తీసి జాగలు పంచడానికి మంత్రి వస్తాడని తేదీ కూడా పెట్టేశారు. మంత్రి తేదీ ముందు, పని తరువాత. ఇది మా దగ్గర ఎప్పుడూ ఉన్న పద్ధతే.

ఎక్కించడానికి నలుగురు ఆపరేటర్లు. వాళ్లలో పెద్దది రఫియా. వేళ్లు చూస్తే కనిపించవు, అంత వేగం. ఒక్కో మనిషికి ఒక్కో లైను. లైనులో ఏడు ముక్కలు: నంబరు, ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, కులం, ఊరు. ముక్కకూ ముక్కకూ మధ్య ఒక నిలువు గీత. నేను రాసిన ప్రోగ్రాం చిన్నది. బొమ్మలు, రంగులు ఏమీ లేవు. నల్ల తెర మీద దాని పేరు, పక్కన ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే లైను తరువాత లైను చదివి, ఏడు ముక్కలుగా కోసి, ఏడో ముక్కలో ఉన్న ఊరిని బట్టి సర్దేది.

నడిపించాను. నడవలేదు. "మెమరీ ఫాల్ట్, కోర్ డంప్డ్" అని ఒక్క మాట రాసి పడిపోయింది.

నరహరి సారు పరుగెత్తుకొచ్చాడు. "మెమరీ ఫాల్ట్ అంటే ఏంది సుగుణమ్మా? మిషన్‌కు యాది తప్పిందా?"

"యాది తప్పలే సార్. అచ్చిన లైన్ల ఏదో తక్కువున్నది. ఏడో ముక్క కోసం పోయింది, ఆడ ముక్క లేదు. పడ్డది."

"ఏసీ మెకానిక్‌ను పిలువనా?"

పిలిచారు కూడా. అతను వచ్చి గాలి బాగానే వస్తోందని సర్టిఫై చేసిపోయాడు. నేను ఫైల్ తెరిచి చూస్తే కొన్ని లైన్లు పొట్టిగా ఉన్నాయి. ముందు ముక్కలు లేవు. ఎవరో కత్తెరతో తల కత్తిరించినట్టు నేరుగా ఏదో పేరుతో మొదలవుతున్నాయి. ఎందుకట్లా అయ్యాయో అర్థం కాలేదు. ఎక్కించాక ఆదిలాబాద్‌కు తిప్పి పంపిన మొదటి కాగితాలు మళ్లీ తెప్పించి, పొట్టి లైన్లను వాటితో పోల్చుదామని అడిగాను. అంత టైం లేదన్నాడు సారు. మంత్రి తేదీ మార్చడం కంటే జనాన్ని మార్చడం ఆయనకు సులువుగా తోచింది. హైదరాబాద్‌కు ఫోన్ చేసి నిపుణుణ్ని పిలిపించాడు.

నిపుణుడి మందు

వచ్చినాయన పేరు చక్రపాణి. గోదావరి జిల్లాల వైపు కుర్రాడు, చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. బస్సు దిగి ముఖం కడుక్కుని, టీ తాగి, నా ప్రోగ్రాంలో రెండు లైన్లు చేర్చాడు. ఎంటర్ నొక్కాడు. ప్రింటర్ కరకరమంటూ అచ్చు మొదలుపెట్టింది. నరహరి సారు చప్పట్లు కొట్టాడు.

"ఏం చేసిన్రు సార్?" అని అడిగాను.

"చాలా చిన్న విషయమండీ. ఏడు ముక్కలు లేని లైన్ వస్తే దాటెయ్యమని చెప్పాను. ఇక మీ ప్రోగ్రాం జన్మలో పడదు."

"దాటేస్తే ఆ మనుషులేమైతరు?"

"మనుషులు కాదండీ, తప్పు లైన్లు."

"ఎన్ని దాటింది?"

"అది లెక్క పెట్టమని చెప్పలేదు కదా."

సారు నా మీద విసుక్కున్నాడు. "నడుస్తున్న మిషన్‌ను ఆపి నడుసుడెందుకు అని అడుగుతవేంది? పోయి చాయ్ పంపియ్యి."

చాయ్ పంపాను. నాకు ఆ రోజు మండిపోయింది, ఇప్పటికీ చల్లారలేదు. నా ప్రోగ్రాం పడిపోయింది, ఒప్పుకుంటాను. కానీ అది నలుగురి ముందు పడింది. నావల్ల కాదు, ఎవరైనా వచ్చి చూడండి అని మొత్తుకుని పడింది. చక్రపాణి చేసిన మందుతో అది నోరు మూసుకుని మనుషులను పారేయడం నేర్చుకుంది, పైగా పని పూర్తయిందని చెప్పడం కూడా. అంటే మా ఆఫీసులో పూర్తి స్థాయి ఉద్యోగి అయింది. చక్రపాణికి శాలువా కప్పి, సాయంత్రం బస్సు ఎక్కించారు.

జాబితాలు ఊళ్లకు పోయాయి. బడి గోడలకు, మండలాఫీసు గోడలకు అంటించారు.

జర కక్కియ్యి

కొన్ని రోజులకు చల్లగది తలుపు దగ్గర గొడవ వినిపించింది. అటెండర్ ఎవరినో లోపలికి రానివ్వడం లేదు. చూస్తే ఒక ముసలామె. చెప్పులు బోర్డు కింద పద్ధతిగా విడిచింది. చేతిలో గుడ్డసంచి. బోథ్ అవతల నుంచి వచ్చిందట, నిర్మల్‌లో బస్సు మారి. ఆమె ఊరి పేరు ఇప్పుడు చెప్పినా మీకు దొరకదు, నీళ్ల కింద ఉంది.

"ఎవలు గావాలె అవ్వా?" అన్నాను.

"మిషన్ గావాలె బిడ్డా. అది నా పేరు తిన్నదట గద. జర కక్కియ్యి."

లోపలికి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. మొగుడు పోయాడు. పిల్లలు లేరు. ఊళ్లో గోడకు అంటించిన జాబితాను బడిపంతులు చదివి వినిపించాడట. పక్కింటివాళ్ల పేరు వచ్చింది, ఎదురింటివాళ్ల పేరు వచ్చింది, ఆమె పేరు రాలేదు. మండలాఫీసులో అడిగితే మాకేం తెలుసు, కరీంనగర్‌లో మిషన్ కొట్టేసింది, పోయి దాన్నే అడుక్కోమన్నారు. ఎవరో ఎగతాళికి అన్న మాటను పట్టుకుని ఆమె నిజంగానే వచ్చింది.

"జాగ పెద్దదా చిన్నదా నాకు ఫికర్ లేదు బిడ్డా. ఊరు పోతది, పోనీ. ఊరోళ్లైతే ఉంటరు గద. రేపు ఊరంత ఒక్కతాన కూసుంటది. నేనొక్కదాన్ని యాడ కూసుండాలె?"

పేరు చెప్పమన్నాను.

"ఏ పేరు చెప్పాలె?"

"ఎన్నున్నయ్?"

"పుట్టినిల్లు మరాఠీ దిక్కు. ఆడ గంగుబాయి. లగ్గం నాడు అత్తగారోళ్లు పేరు మార్చి లస్మవ్వ అని పెట్టిన్రు. పట్వారీ రెండూ రాసిండు, గంగుబాయి ఉరఫ్ లస్మవ్వ అని."

మా వైపు ఇది వింతేమీ కాదు. సరిహద్దు దగ్గర కోడళ్లకు పెండ్లినాడు పేరు మారుతుంది. పుట్టిన పిల్లలు దక్కకపోతే తరువాతి వాడికి పెంటయ్య అని పెట్టుకుని, పెద్దయ్యాక బడిలో రాజేశం అని రాయిస్తారు. నాకే బాప్తిస్మంలో ఎస్తేరు, ఇంట్లో సుగుణ. రెండు పేర్లున్నవాళ్లకు కాగితాల్లో మధ్యన 'ఉరఫ్' పడుతుంది. ఆ కాగితాలను ఇంగ్లిష్‌లోకి దించే గుమాస్తాలు 'ఉరఫ్' అని రాయడం నామోషీ అనుకుని, పోలీసు కాగితాల్లో రాసినట్టు @ అనే గుర్తు పెడతారు. టైపులో మేం దాన్ని ఎట్ ది రేట్ అనేవాళ్లం. ఇదీ అలవాటే.

ఆమె పేరు జాబితాలో ఉందో లేదో వెతికేముందు, ఒక కొత్త ఫైల్‌లో ఆమె లైనును నేనే స్వయంగా కొట్టాను. నంబరు, ఇంటి నంబరు, గంగుబాయి, ఎట్ ది రేట్. ఆ గుర్తు కొట్టగానే తెర మీద కర్సర్ కింది లైనుకు దుమికింది. నాకు వింతగా అనిపించింది. సరే అని లస్మవ్వ, భర్త పేరు, మిగతావన్నీ కొట్టాను. ఆ తరువాత ఏం రాసుకుందో చూపించమని మిషన్‌ను అడిగాను.

చూపించింది. నేను పైకి చదివాను. "లస్మవ్వ, భర్త పోశెట్టి..."

"ఆగాగు," అంది ముసలామె. "ముందుగాల గంగుబాయి అనలేదేంది?"

"లేదవ్వా."

"గిప్పుడే రాస్తివి గద! నా కండ్ల ముంగటనే రాస్తివి. ఉన్నకాడ సగం నేనే ఉన్న, తక్కిన సగం యాడికి పోయిన?"

మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ఎట్ ది రేట్‌కు ముందున్నదంతా మాయం. నంబరు పోయింది, ఇంటి నంబరు పోయింది, గంగుబాయి పోయింది. ఏడు ముక్కల లైను అయిదు ముక్కలైంది. అయిదు ముక్కల లైనుకే నా ప్రోగ్రాం పడింది. అయిదు ముక్కల లైనునే చక్రపాణి మందు మింగింది.

రఫియాను పిలిచి అడిగాను.

"హా మేడం, ఆ గుర్తు కొడితే కిందికి దుంకుతది," అంది తేలిగ్గా. "పైన రాసింది తెర మీద గట్లనే కనవడుతది గద, ఉన్నదే అనుకున్న. కొత్త మిషన్, దాని నఖరాలు దానికుంటయ్ అనుకున్న."

పెద్దసారు కుర్చీ కాలు కింద నుంచి మాన్యువల్ లాగాను. కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. దుమ్ము దులిపి వెతికితే మొదటి భాగంలోనే ఉంది, స్పష్టంగా. లైను కొడుతూ మధ్యలో తప్పుచేస్తే ఆ గుర్తు కొట్టండి, లైను మొత్తం రద్దవుతుంది. దూరదేశంలో దాన్ని తయారుచేసిన పుణ్యాత్ములు ఎవరూ వాడరులే అనుకుని ఆ గుర్తును చెరిపేసే పనికి పెట్టుకున్నారు. మనవాళ్లు దాన్నే ఒకే మనిషి రెండు పేర్లను కలిపే గుర్తుగా పెట్టుకున్నారు. రెండు పేర్లున్న ప్రతి మనిషినీ మా ఆపరేటర్లు ఒకే దెబ్బతో రాశారు, చెరిపారు.

సారుకు సగం మంత్రి

నరహరి సారు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన ముందుగా కుర్చీ ఎందుకు ఒరిగిందని అడిగాడు. ఆ తరువాత విన్నాడు.

"జాబితా గోడకు ఎక్కింది సుగుణమ్మా. ఇగ దించుడు ఉండది. అయినా రెండు పేర్లు పెట్టుకునేటోళ్లు ఎవలు? రెండు జాగలు కొట్టేద్దామని చూసేటోళ్లే."

"వాళ్లు పెట్టుకోలే సార్, అత్తగారోళ్లు పెట్టిన్రు."

"పెట్టనీ. మిషన్ చెప్పిందే ఫైనల్."

వాదించి లాభం లేదని తెలుసు. నాకు ఆయన తెలుసు, ఆయనకు భయమెక్కడుందో కూడా తెలుసు. "సార్, ఒక్కసారి లోపలికి రండి, పంపకం రోజు పెద్దల పేర్లు కూడ అచ్చు తీయాలె గద, చూసి పోండి" అన్నాను. వచ్చాడు. బూట్లతోనే వచ్చాడు.

మంత్రికి రికార్డులో పొడుగాటి పేరుంది. జనం మాత్రం ఆయన్ను బుచ్చన్న అనే పిలిచేవారు. వాల్ పోస్టర్ల మీద కూడా రెండు పేర్లూ వేయించుకునేవాడు, లేకపోతే ఓటర్లు గుర్తుపట్టరని. సారు చూస్తుండగా కొట్టాను. గౌరవనీయులు, శ్రీ, ఆ పొడుగాటి పేరు, ఎట్ ది రేట్, బుచ్చన్న. తరువాత ఏం రాసుకుందో చూపించమన్నాను.

తెర మీద 'బుచ్చన్న' అని ఒక్క మాట ఉంది.

సారు ముఖానికి ఏసీ గాలి తగులుతూనే ఉంది, అయినా చెమట పట్టింది. "శ్రీ కూడ పోయిందా?" అన్నాడు సన్నగా.

"పోయింది సార్. గౌరవం కూడ పోయింది. ఇగ చక్రపాణి సారు మందు వేస్తే ఈ బుచ్చన్న కూడ పోతడు. వేయాల్నా?"

"ఓ తల్లీ, వద్దు! నీకు దండం వెడత."

అంతే, దించడానికి వీలుకాని జాబితా మధ్యాహ్నానికల్లా దిగింది. ముసలామె కోసం కదలని ఆఫీసు బుచ్చన్న కోసం లేచి పరుగెత్తింది. నేను అక్కడ న్యాయం గెలిచిందని చెప్పను. గెలిచింది భయం. న్యాయం దాని వెనక సీట్లో కూర్చుని వచ్చింది. మీరు ఈ ఉద్యోగంలో చేరాక న్యాయానికి విడిగా బండి వస్తుందని ఎదురుచూడకండి, దొరికిన దాంట్లో ఎక్కించండి.

చక్రపాణి చేర్చిన రెండు లైన్లు తీసేశాను. వాటి స్థానంలో, ముక్కలు తక్కువున్న లైను వస్తే అక్కడే ఆగి ఆ లైనును తెర మీద చూపించమని రాశాను. పారేసిన లైన్లన్నీ అచ్చు తీస్తే కాగితం మడతలు మడతలుగా దిగి నేల మీద కుప్పపడింది. అది చూసి రఫియా ఏడ్చింది. ఆమె తప్పేం లేదని చెప్పాను. చెప్పడమే కాదు, నిజంగా లేదు. తన చేతిలో పెట్టిన వస్తువు ఏం చేస్తుందో ఆమెకు ఎవరైనా చెప్పారా?

నరహరి సారు కూడా ఊరుకోలేదు, నివారణ చర్యలు తీసుకున్నాడు. ఆ గుర్తును ఇకమీదట ఎవరూ తాకరాదని ఆర్డర్ రాసి, ప్రతి టెర్మినల్‌లోనూ ఆ మీట మీద దవాఖాన ప్లాస్టర్ అంటించాడు. ఆ మీటే రెండు అంకె మీట కూడా. మా ఇన్‌స్టిట్యూట్ మిషన్లకు ఒకటి లేదు, మా ఆఫీసు మిషన్లకు రెండు లేకుండా పోయింది. నేను సాయంత్రం ఆయన పోయాక ప్లాస్టర్లు ఊడదీశాను. అయినా ఆర్డర్‌ను గౌరవించి, ఆ గుర్తుకు బదులు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉరఫ్ అనే కొట్టించాను. ఊళ్లు మునిగేలోగా మొదటి కాగితాలు తెప్పించి, నలుగురు ఆపరేటర్లూ నేనూ కలిసి ఆ మనుషులందరినీ మళ్లీ పుట్టించాం. మధ్యలో ప్రోగ్రాం చాలాసార్లు పడింది. పడిన ప్రతిసారీ ఎక్కడ తప్పుందో చూపించింది. నాకు అంత నమ్మకమైన సహోద్యోగి ఆ తరువాత దొరకలేదు.

పంపకం

మంత్రి వచ్చిన రోజు నన్ను కూడా తీసుకెళ్లారు, ప్రింటర్‌కు కాగితం పెట్టడానికి ఎవరైనా ఉండాలి కదా అని. అక్కడ ప్రింటరే లేదు. ఎత్తు మీద చదును చేసిన నేల, షామియానా, మైకు. సున్నంతో గీసిన జాగల గీతలు ఎండలో మెరుస్తున్నాయి. ఊళ్ల వారీగా జనం నేల మీద కూర్చున్నారు. వేదిక మీద మంత్రి, పక్కన నరహరి సారు, ఆ పక్కన హైదరాబాద్ నుంచి పిలిపించిన చక్రపాణి. ఈ జాబితా కంప్యూటర్‌లో తయారవడానికి ఆయనే కారణమని మైకులో చెప్పారు. రెండో శాలువా కప్పారు.

పేర్లు చదివే గౌరవం కూడా ఆయనకే ఇచ్చారు. పేరు పిలుస్తాడు, మనిషి లేచి వస్తాడు, ఇత్తడి బిందెలో చెయ్యి పెట్టి చిట్టీ తీస్తాడు, జాగ నంబరు వస్తుంది. సాఫీగా నడుస్తోంది. మొదటి వంతు ఆమె ఊరిదే, అక్షరాల వరుస 'జి' దగ్గరికి వచ్చింది. నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డాను. జాబితాలో ఉందని తెలుసు, నా చేత్తోనే కొట్టాను, అయినా గుంజ వదల్లేదు.

చక్రపాణి కాగితం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అందులో మొదటి ఉరఫ్ ఆమెదే. ఆ మాట ఆయన ఎప్పుడూ విని ఉండడు.

"గంగుబాయి గారు," అన్నాడు మైకులో. "ఉర్ఫ్ గారు. లస్మవ్వ గారు. ముగ్గురిదీ ఒకే ఇల్లండీ. ముగ్గురూ కలిసి రావాలి."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆడవాళ్ల మధ్య నుంచి ముసలామె లేచింది. చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, తొందర లేకుండా నడిచి వేదిక ముందుకొచ్చింది.

"మిగతా ఇద్దరూ ఏరమ్మా?" అని అడిగాడు చక్రపాణి.

"ముగ్గురం నేనే బిడ్డా," అంది. "జాగ ఒక్కటి సాలు."

అందరికంటే ముందు నవ్వింది బుచ్చన్నే. ఆ తరువాత షామియానా మొత్తం నవ్వింది. చక్రపాణి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండా. నేను నవ్వబోయి ఏడ్చాను, గుంజ చాటుకు పోయి బాగానే ఏడ్చాను. ఆమె బిందెలోంచి చిట్టీ తీసింది. మంత్రికి దండం పెట్టింది, మైకుకు కూడా పెట్టింది. చెప్పులు తొడుక్కుని వెనక్కి నడిచి, పోయి ఊరోళ్ల నడుమ కూర్చుంది.